మాయమైన రోజు ఎవరికి గుర్తుంది?

బుధవారం, రాత్రి.

ఇవాళ మామూలు రోజే. చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. అయినా సాయంత్రం నుంచి బుర్రలో ఒకటే తిరుగుతోంది. ‘ది ఫ్లాష్’లో కాలప్రయాణానికి ఒక లెక్కంటూ ఉందా, లేక రచయితలు ఏ వారానికి ఆ వారం తోచింది రాసుకుంటూ పోయారా? మెరుపు వేగంతో పరుగెత్తే బ్యారీ అలెన్ అనే సూపర్‌హీరో కథ, 2014 అక్టోబరులో మొదలై 2023 మేలో ముగిసిన అమెరికన్ టీవీ సిరీస్ అది. 9 సీజన్లు, 184 ఎపిసోడ్లు. అభిమానులు అన్నేళ్లూ ఈ మాట మీద కొట్టుకున్నారు, ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ఒక పక్షం ‘అంతా లొసుగులే’ అంటుంది. రెండో పక్షం ‘సూపర్‌హీరో కథకి తర్కం ఎందుకు, మనసుకి తగిలితే చాలదా’ అంటుంది. నాకు ఈ రెండూ నచ్చవు. తర్కం ఉంది. కాకపోతే అందరూ ‘ఏం మారింది’ అని చూస్తారు. ‘మారకముందు ఉన్నది ఎవరికి గుర్తుంది’ అని చూస్తే ఈ సిరీస్ వేరేలా కనిపిస్తుంది.

ముందు చూసే పద్ధతి రాసుకుంటాను. కాగితం మీద నాలుగు గడులు గీయాలి. మొదటిది ఎపిసోడ్, రెండోది లోకంలో తేదీ. మూడోది, వెనక్కి వెళ్లినవాడి సొంత బతుకులో అది ఎన్నో మెట్టు. నాలుగోది, చెరిగిపోయిన కాలం ఎవరెవరికి గుర్తుంది. చాలామంది మొదటి రెండు గడులతో ఆగిపోతారు. అందుకే రాబోయే కాలం నుంచి వచ్చిన బ్యారీ శత్రువు ఇయోబార్డ్ థాన్ దగ్గర తప్పకుండా తప్పటడుగు పడుతుంది. మనకి అతను కనిపించే వరస వేరు, అతను బతికిన వరస వేరు. రెండో సీజన్ 11వ ఎపిసోడ్‌లో వచ్చే థాన్, మొదటి సీజన్ విలన్ కంటే చిన్నవాడు. అతని లెక్కలో బ్యారీ తల్లి నోరా హత్య ఇంకా జరగలేదు. మొదటి సీజన్‌లో హ్యారిసన్ వెల్స్ అనే శాస్త్రవేత్త ముఖంతో తిరిగేవాడు ఆ హత్య చేసి, వేగం పోగొట్టుకుని, 2000 నుంచి ఇక్కడే ఇరుక్కుపోయినవాడు. మూడో గడి నింపకుండా వాదనకి దిగితే గంట గడిచినా ఎటూ తేలదు.

ఇక నాలుగో గడి. ఈ సిరీస్‌లో కాలం రెండు రకాలుగా చెరుగుతుంది. ఆ రెండింటికీ జ్ఞాపకం విషయంలో వేరువేరు నియమాలున్నాయి.

మొదటి రకం, పరుగెత్తేవాడు వెనక్కి వెళ్లడం. మొదటి సీజన్ 15వ ఎపిసోడ్, 2015 మార్చిలో వచ్చింది. వాతావరణాన్ని ఆడించగల మార్క్ మార్డన్ నగరం మీదికి సముద్రపు అలని లేపుతాడు. దాన్ని ఆపడానికి బ్యారీ ఒడ్డు వెంట అటూ ఇటూ పరుగెత్తి గాలిగోడ కట్టబోతాడు. వేగం హద్దు దాటి ఒక రోజు వెనక్కి జారిపోతాడు. అప్పటికి ఏం జరిగిందో చూడండి. బ్యారీ తను ఫ్లాష్ అని, తను ప్రేమించే ఐరిస్ ముందు బయటపడ్డాడు. వెల్స్ అసలు ఎవరో బ్యారీ జట్టులోని సిస్కో కనిపెట్టేశాడు. వెల్స్ చేతిని కంపింపజేసి అతని గుండెలోకి దించి చంపేశాడు. బ్యారీ వెనక్కి రావడంతో ఇవన్నీ చెరిగిపోయాయి, అవి జరిగినట్టు ఎవరికీ తెలియదు. బ్యారీకి మాత్రం తను చూసినంత మేరకు గుర్తుంది. సిస్కో చనిపోయిన సంగతి అతనికీ తెలియదు, ఆ గదిలో లేడు కదా.

ఇక్కడే రచయితలు ఒక గొప్ప పని చేశారు. సిస్కోకి తన చావు కలలుగా రావడం మొదలవుతుంది. చెరిగిపోయిన రోజు అతనిలో గీతలా మిగిలిపోయింది. 20వ ఎపిసోడ్‌లో ఆ కలలోకే మళ్లీ పంపి, నిద్రలో మాట్లాడించి, వెల్స్ గుట్టు బయటికి లాగుతారు. మామూలుగా ఒక రోజుని వెనక్కి తిప్పారంటే కథకుడు తాను రాసిందంతా తుడిచేసుకున్నట్టే. ఈ సీజన్‌లో తుడిచేసిన రోజే సాక్ష్యంగా తిరిగొచ్చింది. తర్వాత సిస్కోకి వచ్చే శక్తి, అంటే ఇతర కాలాల్నీ లోకాల్నీ చూడగలగడం, ఇక్కడే తొలిసారి కనిపించింది. అంటే దీన్ని ముందునుంచే ఆలోచించి పెట్టారు.

లొసుగు లేదా అంటే ఉంది. ఆ ముందురోజు బ్యారీ ఎటు పోయాడు? వెనక్కి వచ్చినవాడు అతని చోట్లో కూర్చుంటాడు, పాతవాడి ఊసే ఉండదు. రెండో సీజన్ 17వ ఎపిసోడ్‌కి వచ్చేసరికి బ్యారీ వెనక్కి వెళ్లి, అప్పటి తనకి మత్తు తగిలించి పక్కన పడేసి, అతని బట్టల్లో తిరుగుతాడు. అంటే ఇద్దరు బ్యారీలూ ఒకే సమయంలో ఉన్నారు. ఒకచోట ఒకరే మిగలడం, ఇంకోచోట ఇద్దరూ ఉండటం. ఇది నిజమైన తప్పు, సమర్థించడం కుదరదు.

రెండో రకం, రాబోయే కాలం నుంచి వచ్చినవాడి మూలం తెగిపోవడం. మొదటి సీజన్ చివర్లో పోలీసు డిటెక్టివ్ ఎడ్డీ తన గుండెలో తానే తుపాకీ పేల్చుకుంటాడు. ఎడ్డీ ఇయోబార్డ్‌కి పూర్వీకుడు. పూర్వీకుడు పోతే వారసుడు పుట్టడు, థాన్ అందరి కళ్లముందే కరిగిపోతాడు. వెంటనే అందరూ అడిగేది ఒకటే: థాన్ పుట్టనే లేకపోతే నోరాని చంపిందెవరు? అంతా తిరగబడాలి కదా? తిరగబడలేదు. అందరికీ అన్నీ గుర్తున్నాయి, తల్లి చనిపోయే ఉంది, ఆ హత్య నేరం మీదపడి తండ్రి హెన్రీ జైల్లో గడిపిన ఏళ్లూ అలాగే ఉన్నాయి.

దీన్ని లొసుగు అంటారు. నాకు మాత్రం ఇది నియమంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత అదే పద్ధతిలో ఇంకో రెండుసార్లు జరుగుతుంది. మూడో సీజన్‌లో విలన్ సావిటార్ చెరిగిపోయినా అతను చేసినవన్నీ అలాగే ఉన్నాయి. ఐదో సీజన్ చివర్లో, రాబోయే కాలం నుంచి వచ్చిన బ్యారీ, ఐరిస్‌ల కూతురు నోరా తల్లిదండ్రుల చేతుల్లోనే మాయమైపోయినా, వాళ్లిద్దరికీ ఆమె గుర్తుంది. మూలం తెగినప్పుడు మనిషి పోతాడు, అతను అప్పటికే చేసిన పనులు పోవు, చుట్టూ ఉన్నవాళ్ల జ్ఞాపకాలు పోవు. పరుగెత్తినవాడు వెనక్కి వెళ్లినప్పుడు మాత్రం కాలమే మారిపోతుంది, పరుగెత్తినవాడికే గుర్తుంటుంది. కథ నచ్చకపోవచ్చు, కానీ నియమం నిలబడింది.

తడబడింది రెండో సీజన్ 11వ ఎపిసోడ్‌లో. ఎడ్డీ పోయాక థాన్ మళ్లీ ఎలా వచ్చాడంటే, స్పీడ్ ఫోర్స్ (వీళ్ల వేగానికి మూలమైన శక్తి) కాపాడిన టైమ్ రెమ్నెంట్ అన్నారు, అంటే కాలం మారినా మిగిలిపోయిన తునక. సరే, ఒప్పుకుందాం. కానీ అదే ఎపిసోడ్‌లో థాన్‌ని పట్టుకుని బంధించగానే సిస్కో ఉంటూ లేకుండా అదిరిపోతాడు. ఇతన్ని తన కాలానికి పంపకపోతే జరిగిందంతా జరగకుండా పోతుంది కాబట్టి వదిలేయాలి అంటారు. ఎడ్డీ చావుతో చెక్కుచెదరని గతం, థాన్‌ని గదిలో పెట్టగానే ఎందుకు ఊగిసలాడాలి? నాలుగు గడుల్లో ఎక్కడ రాసినా ఇది ఇమడదు.

దీనికి సరైన సమాధానం పక్క సిరీస్‌లో దొరికింది. ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’ రెండో సీజన్‌లో థాన్‌కి తను ఉండకూడనివాడినని తెలుసు. కాలంతో ఆడుకునే వేగవంతుల్ని వేటాడే బ్లాక్ ఫ్లాష్ అతన్ని చెరిపేయడానికి కాలమంతా వెంటాడుతుంది, అందుకే ఒకచోట ఎక్కువసేపు నిలవలేడు. స్పియర్ ఆఫ్ డెస్టినీ అనే మాయ ఈటెతో లోకాన్నే తిరగరాసి, తన ఉనికిని నిలబెట్టుకోవాలని చూస్తాడు. చివరికి బ్లాక్ ఫ్లాష్ చేతిలోనే పోతాడు. ఎడ్డీ తుపాకీ పేల్చిన అప్పు ఇక్కడ వసూలైంది. ఆ సీజన్ చూడకుండా థాన్ గురించి తీర్పు చెప్పేవాళ్లతో నాకు వాదించాలనిపించదు.

ఇప్పుడు 2000 మార్చి 18 రాత్రి. వాదనలన్నీ చివరికి ఆ ఇంటికే వస్తాయి. ఆ రాత్రి అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. పిల్లవాడు బ్యారీ. రాబోయే కాలం నుంచి వచ్చి థాన్‌తో పోరాడి, పిల్లవాణ్ని 20 వీధుల అవతల దించిన పెద్ద ఫ్లాష్. మొదటి సీజన్ చివర వచ్చి, పెద్ద ఫ్లాష్ వద్దని సైగ చేస్తే తలుపు చాటున ఆగిపోయి, తర్వాత తల్లికి వీడ్కోలు చెప్పిన బ్యారీ. రెండో సీజన్ చివర, తండ్రి పోయిన దుఃఖంలో వచ్చి థాన్‌ని పడగొట్టి తల్లిని కాపాడిన బ్యారీ. వీళ్లకి తోడు థాన్. మూడోసారి వచ్చినవాడు తల్లిని కాపాడగానే తలుపు చాటున ఉన్నవాడు చెరిగిపోతాడు. కెమెరా అతని ముఖం మీద ఒక్క క్షణం ఆగుతుంది. తను చేయలేనిది తనే చేస్తుంటే చూస్తూ పోతున్న ముఖం. ఆ ఒక్క షాట్‌లో బ్యారీగా నటించిన గ్రాంట్ గస్టిన్ చూపించినది ఎన్ని వివరణలు రాసినా రాదు.

అక్కడి నుంచి ఫ్లాష్‌పాయింట్, అంటే తల్లి బతికిపోవడంతో పుట్టిన కొత్త కాలం. 2016 అక్టోబరు 4న వచ్చిన మూడో సీజన్ మొదటి ఎపిసోడ్. బ్యారీ మూడు నెలలు అమ్మానాన్నలతో ఉంటాడు. సిస్కో కోటీశ్వరుడు, జట్టులోని కెయిట్లిన్ పిల్లల కంటి డాక్టరు, ఐరిస్ తమ్ముడు వాలీ కిడ్ ఫ్లాష్ అనే మరో వేగవంతుడు. థాన్ మాత్రం బోనులో. ఇక్కడ నాలుగో గడి చాలా బాగుంటుంది. బ్యారీ వేగం వాడేకొద్దీ పాత బతుకు జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతుంటాయి. బోనులో ఉన్నవాడికి మాత్రం అంతా స్పష్టంగా గుర్తుంది. కొత్త కాలం పాతదాన్ని మింగేస్తోందని చెప్పేదీ అతనే. తల్లిని చంపమని తన నోటితోనే బ్యారీ ఆ శత్రువుని అడగాల్సి వస్తుంది. కథకి పట్టు ఇచ్చింది పోరాటం కాదు, మరుపు.

ఇంతటి దాన్ని ఒక్క ఎపిసోడ్‌లో ముగించేశారని అభిమానుల కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. మూడు నెలలు గడిచాయని చెప్పి, మనకి చూపించింది దాని తోక మాత్రమే. జ్ఞాపకం జారిపోవడం అనేది మనమూ కొన్నివారాలు బ్యారీతో కలిసి అనుభవిస్తేనే భయపెడుతుంది. ఆరు ఎపిసోడ్లు ఉంటే, బ్యారీ ఐరిస్ పేరు దగ్గర తడుముకునే సీన్ ఒక్కటి చాలు. అయితే ‘ఫలితమే లేదు’ అనడం మాత్రం తప్పు. తిరిగొచ్చాక సిస్కో అన్న డాంటే చనిపోయి ఉన్నాడు, ఐరిస్ తండ్రితో మాట్లాడటం లేదు, పక్క సిరీస్ ‘యారో’లో డిగిల్ కూతురు సారా స్థానంలో కొడుకు జాన్ ఉన్నాడు. డిగిల్‌కి ఆ కూతురు ఉండేదని తెలిసింది బ్యారీకే. ఇంకో లోకపు ఫ్లాష్ జే గ్యారిక్ కప్పు పగలగొట్టి చెప్పేది కూడా ఇదే, అతికించినా గీతలు కనిపిస్తాయని.

మూడో సీజన్‌ని చాలామంది తీసిపారేస్తారు. కథనం విషయంలో నాకు అది ఈ సిరీస్‌లో మంచి సీజన్లలో ఒకటి. సావిటార్ అంటే బ్యారీ రెమ్నెంటే. కాబట్టి బ్యారీకి తెలిసింది ప్రతిదీ సావిటార్‌కి జ్ఞాపకంగా ఉంటుంది. వీళ్లు పథకం వేసేలోపే అతనికి తెలుసు. 21వ ఎపిసోడ్‌లో సిస్కో దాన్ని తిప్పికొడదామని, బ్యారీ మెదడులో కొత్త జ్ఞాపకాలు చేరకుండా ఆపబోతాడు. అది వికటించి మొత్తం జ్ఞాపకమే పోతుంది. దాంతో సావిటార్‌కీ ఏమీ గుర్తులేదు, సావిటార్ వల్ల వచ్చిన వాలీ వేగమూ పోయింది. నవ్వించే ఎపిసోడ్‌లా ఉంటుంది గానీ, ముగింపుకి తాళంచెవి అందులోనే దాచారు. మరుసటి ఎపిసోడ్‌లో, సావిటార్ చంపాలనుకున్న ఐరిస్ ముఖం వేసుకుని ఆమె చోట జట్టులోని హెచ్.ఆర్. చనిపోతాడు. ఐరిస్‌కి తప్ప ఎవరికీ చెప్పకుండా మారిపోయాడు. బ్యారీకి తెలియదు, కాబట్టి సావిటార్‌కీ తెలియదు. దేవుణ్నని చెప్పుకున్నవాడు ఓడిపోయింది బ్యారీకి తెలియని ఒక్క సంగతి వల్ల. రెండు ఎపిసోడ్ల ముందే నియమం చెప్పి, దాంతోనే ముడి విప్పారు. కాలప్రయాణం కథ అంటే ఇలా కట్టాలి.

ఇదే పని చేయక పోగొట్టుకున్నది ‘హీరోస్’ అనే మరో సిరీస్. రెండో సీజన్‌లో పీటర్ తనతో కెయిట్లిన్ అనే అమ్మాయిని వైరస్ నాశనం చేసిన భవిష్యత్తుకి తీసుకెళ్లి, ఆమెని అక్కడే వదిలి తిరిగొస్తాడు. 2007 రచయితల సమ్మెతో ఆ సీజన్ 11 ఎపిసోడ్లకే ఆగిపోయింది. ఆ భవిష్యత్తు రద్దయింది. ఆ సీజన్ దాటాక ఆ అమ్మాయి ఊసు మళ్లీ లేదు. సీజన్ కుదించుకుపోవడం అర్థమవుతుంది. తర్వాతి సీజన్‌లో పీటర్‌కైనా ఆమె గుర్తుందని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది, అదీ రాయలేదు.

రాత్రి పదిన్నర అయింది. చివరగా ఆ పత్రిక సంగతి రాసి ఆపుతాను. మొదటి ఎపిసోడ్ చివర వెల్స్ రహస్య గదిలో కనిపించే పత్రిక తేదీ 2024 ఏప్రిల్ 25, ఫ్లాష్ ‘క్రైసిస్’ అనే విపత్తులో అదృశ్యమయ్యాడని శీర్షిక. ఐదో సీజన్ చివర ఆ తేదీ జరిగి 2019 డిసెంబరు 10 అవుతుంది. సరిగ్గా ఆ రోజే, పక్క సిరీస్‌లతో కలిపి తీసిన క్రైసిస్ కథ మూడో భాగం ప్రసారమైంది, ఒక ఫ్లాష్ పోయాడు కూడా. పోయింది మాత్రం 1990 నాటి సిరీస్‌లోని ఫ్లాష్, బ్యారీ చోట తనే పరుగెత్తి. పత్రిక అబద్ధం చెప్పలేదు. ఐదేళ్లు ఆ శీర్షిక చదివిన మనమే అందులో ఏ ఫ్లాష్ అని రాసి లేదని గమనించలేదు.