ఆరో వంతు లెక్క, కదలని 14

మందుల షాపుల వాళ్లు హోల్‌సేలర్లకు ఆర్డర్లు పెట్టుకునే అప్లికేషన్ మాది. హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు, ఏడుగురం. షాపాయన ఫోన్‌లో ఆర్డర్ పెడితే అది మా డేటాబేస్‌లో పడుతుంది. వెనకాల నడిచే ఒక వర్కర్ ప్రోగ్రామ్ దాన్ని తీసుకుని, గోడౌనులో ఉన్న బిల్లింగ్ సిస్టమ్‌కి చేరవేస్తుంది. అంతా పైథాన్‌లోనే రాశాం.

రెండేళ్ల పాటు, ఏదైనా ఆగిపోయిందంటే మాకు తెలిసేది కస్టమర్ ఫోన్ చేశాకే. ఒకసారి విజయవాడ నుంచి ఒక షాపాయన చేశారు. "మేడం, పొద్దున పెట్టిన ఆర్డర్ ఇంకా రాలేదంటున్నారండీ గోడౌనోళ్లు. ఇన్సులిన్ ఉందండీ అందులో, ఇద్దరు పేషెంట్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు." ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. ఆ సాయంత్రమే అప్లికేషన్‌లో మెట్రిక్స్, అంటే లోపల ఏం జరుగుతోందో చెప్పే అంకెలు, పెట్టాలని నిర్ణయించుకున్నాను.

మా ఆపరేషన్స్ చూసే అన్న అప్పటికే సర్వర్ల సీపీయూ, మెమరీ చూసుకోవడానికి, అంకెలు దాచి గీతలుగా చూపే గ్రాఫైట్ పెట్టి ఉంచారు. 2006లో ఆర్బిట్జ్ అనే ట్రావెల్ కంపెనీలో క్రిస్ డేవిస్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, 2008లో ఓపెన్ సోర్స్ అయింది. దాని ముందు స్టాట్స్‌డీ పెడితే సరిపోతుందన్నారు అన్న. స్టాట్స్‌డీని 2011లో ఎట్సీ వాళ్లు బయటపెట్టారు. పని తేలిగ్గానే అర్థమవుతుంది. మన ప్రోగ్రామ్ ఒక చిన్న యూడీపీ ప్యాకెట్‌ని 8125 పోర్టుకి విసురుతుంది. అందులో ఉండేది ఒక్క లైను: మెట్రిక్ పేరు, కోలన్, ఒక అంకె, నిలువు గీత, అది ఏ రకమో చెప్పే అక్షరం. అంతే. స్టాట్స్‌డీ వాటిని పది సెకన్ల పాటు పోగుచేసి, కూడి, గ్రాఫైట్‌కి పంపుతుంది.

ఆ ప్యాకెట్ మనం చేత్తో తయారుచేయక్కర్లేదు, క్లయింట్ లైబ్రరీ చేస్తుంది. పైథాన్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి, సర్వర్ పేరూ పోర్టూ ఇచ్చి క్లయింట్‌ని తయారుచేసుకున్నాను. ప్రొడక్షన్‌కి ఒక ప్రిఫిక్స్ (మెట్రిక్ పేరు ముందు చేరే మాట), టెస్టింగ్‌కి ఇంకొకటి. ఈ ప్రిఫిక్స్ మొదటి రోజే పెట్టుకోండి, తర్వాత పేర్లు విడదీయడం చాలా కష్టం. ఆర్డర్ సేవ్ అయిన చోట కౌంటర్‌ని ఒకటి పెంచే లైను, గోడౌనుకి పంపే ఫంక్షన్ చుట్టూ ఎంతసేపు పట్టిందో కొలిచే ఒక టైమర్, వర్కర్‌లో క్యూ (ఇంకా పంపాల్సిన ఆర్డర్ల వరస) పొడవు చెప్పే గేజ్. మొత్తం కలిపి పదిహేను లైన్లు కూడా లేవు.

డిప్లాయ్ చేసిన రోజు పొద్దున్న పదింటికి ఆర్డర్ల గీత పైకి లేస్తుంటే అందరం ఒకే స్క్రీన్ చుట్టూ చేరాం. రోజూ పొద్దున షాపులు తెరిచాక ఆర్డర్లు పెరుగుతాయని తెలుసు. తెలిసిన సంగతే కళ్ల ముందు గీతగా కదులుతుంటే కలిగిన సంతోషం వేరు.

మర్నాడు లెక్క చూశాను. డేటాబేస్‌లో 1842 ఆర్డర్లు. గ్రాఫ్ చెప్పింది 311.

మొదట అనుమానం యూడీపీ మీదికే పోయింది. యూడీపీలో పంపినవాడికి రసీదు రాదు, ప్యాకెట్ దారిలో పోతే పోయినట్టే. "యూడీపీ కదమ్మా, పోతాయి మరి" అన్నారు అన్న కూడా. కానీ రెండు మెషీన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఆరింట అయిదు వంతులు పోతాయా? స్టాట్స్‌డీ మెషీన్ మీద, వచ్చే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెట్టి 8125 పోర్టు చూస్తూ కూర్చున్నాను. పంపిన ప్రతి ప్యాకెట్టూ వస్తోంది. ఒక్కటి తగ్గలేదు.

అప్పుడు చిన్న స్క్రిప్ట్ రాశాను. సెకనుకి ఒకసారి కౌంటర్‌ని ఒకటి పెంచాలి, పది నిమిషాల పాటు. అంటే 600 రావాలి. వచ్చింది 100. మళ్లీ నడిపాను, మళ్లీ 100. పోగొట్టుకునే నెట్‌వర్క్ అయితే ఒకసారి 480, ఇంకోసారి 530 ఇవ్వాలి. ఇంత కచ్చితంగా ఆరో వంతు ఇస్తోందంటే ఎక్కడో ఎవరో లెక్కపెట్టి మరీ వదిలేస్తున్నారన్న మాట.

ఆరు అనే అంకె దగ్గరే జవాబు ఉంది. స్టాట్స్‌డీ పది సెకన్లకోసారి పంపుతోంది. గ్రాఫైట్‌లో డేటా దాచే సెట్టింగ్ ముట్టుకోకుండా వదిలేస్తే నిమిషానికి ఒకే గడి ఉంటుంది. నిమిషంలో ఆరు అంకెలు వస్తాయి, గడి ఒక్కటే. వచ్చినవి కూడదు, ముందున్నదాన్ని చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. చివరి పది సెకన్ల లెక్క మాత్రమే మిగులుతుంది. సీపీయూ గ్రాఫులకి ఇది ఏ ఇబ్బందీ పెట్టలేదు, ఎందుకంటే నిమిషంలో ఏదో ఒక క్షణం సీపీయూ ఎంతుందో తెలిస్తే చాలు. ఆర్డర్లు అలా కాదు, ప్రతి ఒక్కటీ లెక్కలోకి రావాలి.

మా మెట్రిక్స్‌కి పది సెకన్ల గడులు ఒక రోజు పాటు, నిమిషం గడులు ముప్ఫై రోజుల పాటు ఉండేలా మార్చాం. ఇక్కడ ఇంకో సంగతి. సెట్టింగ్ మార్చినంత మాత్రాన అప్పటికే తయారైన ఫైళ్లు మారవు. వాటిని విడిగా రీసైజ్ చేయాలి, అందుకు గ్రాఫైట్‌లో ఫైళ్లు దాచే భాగమైన విస్పర్‌తో పాటే స్క్రిప్ట్ వస్తుంది. ఇది తెలియక ఒక పూట వృథా అయింది. చివరికి నా పరీక్ష స్క్రిప్ట్ నడిపితే 600 వచ్చింది.

మర్నాడు డాష్‌బోర్డ్‌లో రెండు రోజులది కలిపి చూద్దామని మార్చగానే మళ్లీ ఆరో వంతు! ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఇరవై నాలుగు గంటలకి మార్చితే సరైన అంకె, నలభై ఎనిమిదికి మార్చితే ఆరో వంతు. ఈసారి మాత్రం ఎక్కువసేపు వెతకలేదు. పది సెకన్ల గడులు ఆరింటిని ఒక నిమిషం గడిలోకి మడిచేటప్పుడు గ్రాఫైట్ మామూలుగా సగటు తీస్తుంది. రెస్పాన్స్ టైమ్‌కి సగటు బాగానే ఉంటుంది. ఆర్డర్ల సంఖ్యకి కావలసింది మొత్తం. కౌంటర్ల పేర్లతో మొదలయ్యే వాటన్నిటికీ కూడిక చేయమని ఇంకో సెట్టింగ్‌లో రాశాం, ఫైళ్లు మళ్లీ సరిచేశాం. ఈ రెండు సంగతులూ స్టాట్స్‌డీతో వచ్చే డాక్యుమెంటేషన్‌లో, గ్రాఫైట్ గురించిన పేజీలో ఉన్నాయి. క్లయింట్ లైబ్రరీ పేజీ ఒక్కటే చదివి మొదలుపెట్టాను నేను. కొత్తగా పెట్టేవాళ్లు ముందు ఆ రెండో పేజీ చదవండి, రెండు రోజులు మిగులుతాయి.

తర్వాతి నెలలో ఒకరోజు పొద్దున్నే "డిస్క్ నిండిపోయిందమ్మా" అని అన్న ఫోన్. ఏ ఆర్డర్ ఆలస్యమైందో తెలియాలని మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి టైమర్ పేరులో ఆర్డర్ నంబర్ కలిపాడు. గ్రాఫైట్‌లో ప్రతి పేరుకీ ఒక ఫైలు తయారవుతుంది, ఒక్క విలువ వచ్చినా సరే పూర్తి సైజుతోనే. ఒక్కో పాయింటుకి 12 బైట్లు, మేం పెట్టిన లెక్కకి 51,840 పాయింట్లు, అంటే ఫైలుకి 600 కేబీ పైమాటే. పైగా ఒక్క టైమర్ నుంచి సగటు, గరిష్ఠం, కనిష్ఠం అంటూ పదికి పైగా పేర్లు పుడతాయి. రోజుకి పద్ధెనిమిది వందల ఆర్డర్లకి పది జీబీ దాటిపోతుంది. అబ్బాయికి కావలసింది మంచిదే, దాని చోటు మాత్రం లాగ్స్ (జరిగిన ప్రతిదీ రాసుకునే ఫైళ్లు). పేరులో హోల్‌సేలర్ కోడ్ వరకు ఉంచాం, వాళ్లు ముప్ఫై మందే కాబట్టి.

ఇవన్నీ అంకెలు తప్పిన కథలు. నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం తప్పినట్టు కనిపించని అంకె.

శుక్రవారం మధ్యాహ్నం. క్యూ పొడవు గేజ్ 14 దగ్గర ఉంది. మాకు పది నుంచి ఇరవై మధ్య ఉంటే మామూలే. ఆ గ్రాఫ్ నా రెండో స్క్రీన్ మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేరే పని చేసుకుంటూ మధ్యమధ్యలో చూశాను. 14. బాగుంది అనుకున్నాను. నాలుగింటికి ఫోన్ మోగింది, మళ్లీ విజయవాడ ఆయనే. "మేడం, మధ్యాహ్నం నుంచి ఏదీ కదలడం లేదండీ."

డేటాబేస్‌లో చూస్తే క్యూలో 412 ఆర్డర్లు. గ్రాఫ్‌లో 14. అప్పుడు గమనించాను ఆ గీతని. ఒంటి గంటా ఇరవై దాకా పైకీ కిందకీ ఆడుతూ ఉన్న గీత, ఆ తర్వాత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఆ తిన్నదనమే నాకు ప్రశాంతంగా కనిపించింది.

స్టాట్స్‌డీకి 8126 పోర్టులో ఒక అడ్మిన్ దారి ఉంటుంది. టెల్‌నెట్‌తో అందులోకి వెళ్లి గేజ్‌ల జాబితా అడిగాను. మా క్యూ పేరు, పక్కన 14. గేజ్ అంటే దానికి "చివరగా నాకు చెప్పిన విలువ". కొత్త విలువ రాకపోతే పాతదాన్నే పది సెకన్లకోసారి గ్రాఫైట్‌కి పంపుతూ ఉంటుంది. కౌంటర్ అలా కాదు, ఏమీ రాకపోతే సున్నా పంపుతుంది. ఆ గేజ్‌ని పంపేది ఎవరు? వర్కరే. ఆ వర్కర్ ఒక గోడౌను సిస్టమ్ నుంచి జవాబు కోసం టైమ్అవుట్ (ఇంతసేపే ఆగాలన్న గడువు) లేకుండా ఎదురుచూస్తూ ఒంటి గంటా ఇరవైకి నిలిచిపోయింది. తన ఆరోగ్యం తానే చెప్పాల్సిన మనిషి స్పృహ తప్పితే, ఆఖరిసారి చెప్పిన "బాగానే ఉన్నాను" అన్న మాటే మేం రెండున్నర గంటలు వింటూ కూర్చున్నాం.

వర్కర్‌ని రీస్టార్ట్ చేశాం. 412 తగ్గడం చూస్తూ ఆయనతో ఫోన్‌లోనే ఉన్నాను. అయిదున్నరకి అన్నీ వెళ్లాయి, కానీ అప్పటికి గోడౌను బండి బయల్దేరిపోయింది. అందులో ఏమేం మందులు ఉన్నాయో నేను లిస్టు తెరిచి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

ఆ శనివారం కూర్చుని నాలుగు మార్పులు చేశాం. టైమ్అవుట్ సంగతి చెప్పక్కర్లేదు. క్యూ పొడవు చెప్పే పని వర్కర్ నుంచి తీసేసి, డేటాబేస్‌ని చూసే వేరే చిన్న స్క్రిప్ట్‌కి ఇచ్చాం. కొత్త విలువ రాని గేజ్‌ని మళ్లీ పంపకుండా ఆపే సెట్టింగ్ స్టాట్స్‌డీలో ఉంది, అది ఆన్ చేశాం. ఇప్పుడు గీత తిన్నగా సాగదు, తెగిపోతుంది. నాలుగోది, వర్కర్ అయిదు సెకన్లకోసారి తిరిగే లూప్‌లో ఒక కౌంటర్ పెట్టాను. అది దేన్నీ కొలవదు, "ఉన్నాను" అని మాత్రం చెబుతుంది. పది సెకన్లకి 2 రావాలి. అయిదు నిమిషాలు సున్నా అయితే నా ఫోన్‌కీ అన్న ఫోన్‌కీ అలర్ట్.

ప్రోమెథియస్ అనే ఇంకో మెట్రిక్స్ సాఫ్ట్‌వేర్‌కి మారదామా అని కూడా మాట్లాడుకున్నాం. దాని పద్ధతి తిరగేసి ఉంటుంది. మనం పంపక్కర్లేదు, సర్వరే వచ్చి అప్లికేషన్‌ని అడుగుతుంది. జవాబు రాకపోతే అప్ అనే మెట్రిక్ సున్నా అయిపోతుంది, కాబట్టి మౌనం దానంతట అదే బయటపడుతుంది. ఆ ఒక్క గుణం కోసమే నాకు అది నచ్చింది. ఈరోజు మొదటి నుంచి మొదలుపెడితే అదే ఎంచుకుంటాను. కానీ మా వెబ్ అప్లికేషన్ గునికార్న్ అనే వెబ్ సర్వర్ కింద నాలుగు ప్రాసెస్‌లుగా నడుస్తుంది. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక ప్రాసెస్ తన సొంత లెక్క మాత్రమే చెబుతుంది. నాలుగింటినీ కలపడానికి మల్టీప్రాసెస్ మోడ్ అని విడిగా పెట్టుకోవాలి. ఉన్నది చక్కబడ్డాక అంత పని అప్పుడే వద్దనుకున్నాం.

రెండు నెలల తర్వాత స్టాట్స్‌డీని కొత్త మెషీన్‌కి మార్చారు అన్న. పేరు అదే, ఐపీ మారింది. వెబ్ అప్లికేషన్ రీస్టార్ట్ చేశారు, వర్కర్ చేయలేదు. పేరు అదే కదా, దానంతట అదే కొత్త చోటికి వెళుతుందనుకున్నాం. వెళ్లదు. మేం వాడే లైబ్రరీ క్లయింట్ తయారైనప్పుడే పేరుని ఐపీగా మార్చుకుని, ప్రాసెస్ బతికున్నంత కాలం అదే పట్టుకుని ఉంటుంది. పాత మెషీన్ ఆపేశాక కూడా ప్యాకెట్లు అటే పోతాయి, యూడీపీ కాబట్టి ఒక్క ఎర్రర్ కూడా రాదు. వచ్చినా లైబ్రరీ దాన్ని మింగేస్తుంది. మెట్రిక్స్ వల్ల అసలు అప్లికేషన్ ఆగకూడదని కావాలనే అలా రాశారు, అది సరైన నిర్ణయమే.

సున్నా కోసం పెట్టిన అలర్ట్ ఇక్కడ పనిచేయదు. కొత్త స్టాట్స్‌డీకి ఆ కౌంటర్ పేరే తెలియదు, తెలియనిదానికి సున్నా కూడా పంపదు. డాష్‌బోర్డ్ చూపించే గ్రాఫానాలో అలర్ట్ పెట్టేటప్పుడు డేటా అసలు రాకపోయినా మోగాలి అన్న ఆప్షన్ కూడా ఎంచుకుని ఉండబట్టి మోగింది. రాత్రి పదకొండున్నరకి అన్న నుంచి మెసేజ్: "నీకూ వచ్చిందా అమ్మా?" వచ్చిందన్నాను. లాగిన్ అయ్యి చూస్తే ఆర్డర్లు మామూలుగానే వెళుతున్నాయి, కబురే రావడం లేదు. వర్కర్ రీస్టార్ట్ చేశాను. తెగిపోయిన గీత పక్కన, కొత్త చోట, 2 దగ్గర ఒక చుక్క పడింది. పది సెకన్లకి ఇంకొకటి.