కళింగపట్నానికి ఎండతో కబురు

సింగుపురంలో బస్సు దిగాక శాలిహుండం కొండకి వెళ్లాలంటే ఆటోవాళ్లు చెప్పిందే రేటు. రాను పోను నాలుగు వందలన్నారు, ఆగితే గంటకి వంద అదనం. అక్కడిదాకా బస్సుకి ఇచ్చిందెంత, ఈ నాలుగు అడుగులకి అడిగేదెంత అని లెక్కేసుకుంటే ఒళ్లు మండుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1919లో లోకానికి చూపించిన బౌద్ధక్షేత్రం అది. పొద్దున్న ఏడింటికి నాకు దొరికిన బండి మాత్రం ఆ ఆటో ఒక్కటే. ఎండ ఎక్కకముందే కొండ మీద ఉండాలి కాబట్టి బేరం పెంచకుండా ఎక్కేశాను.

నేను వెళ్లింది స్తూపాల కోసం కాదు. ఆ కొండ మీద నిలబడి తూర్పుకి చూస్తే వంశధార, దాని కొసన కళింగపట్నం, వెనక సముద్రం. మధ్యలో అడ్డం ఏమీ లేదు, నేరుగా కొలిస్తే ఏడెనిమిది కిలోమీటర్లు. ఎండతో కబురు పంపే హీలియోగ్రాఫ్ పెట్టి చూడటానికి సిక్కోలు జిల్లాలో ఇంతకంటే మంచి జోడీ నాకు తెలీదు. అవతల దీపస్తంభం దగ్గర మా బావ ఉన్నాడు. సైన్యంలో సిగ్నల్స్‌లో చేసి రిటైరైన మనిషి, జబల్‌పూర్‌లో మోర్స్ (అక్షరాల్ని చుక్కలూ గీతలుగా పంపే పద్ధతి) నేర్చిన చెయ్యి. చుక్కలూ గీతలూ ఆయన పని, అద్దాలూ స్క్రూలూ నా పని.

హీలియోగ్రాఫ్ అంటే ఎండని అద్దంతో కొట్టించి మోర్స్‌లో కబురు పంపే యంత్రం. 1869లో హెన్రీ మాన్స్ అనే తంతి ఇంజనీరు దీన్ని తయారుచేసింది కరాచీలో. 1877-78లో వాయవ్య సరిహద్దు కొండల్లో జొవాకీ అఫ్రీదీ తెగ మీదికి వెళ్లిన బ్రిటిష్ సైన్యం యుద్ధంలో వాడి చూసింది. బ్యాటరీ అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, గుర్రం మీద మోసుకుపోవచ్చు. కొండల్లో తంతి తీగని శత్రువు రాత్రికి రాత్రి కోసేస్తాడు, ఎండని ఎవడూ కొయ్యలేడు. అందుకే రేడియో వచ్చాక కూడా రెండో ప్రపంచయుద్ధం దాకా సైన్యాలు దీన్ని సామాన్లలోంచి తీసెయ్యలేదు.

మా దగ్గరున్నవి మాన్స్ నమూనా చూసి చేయించినవి. అయిదంగుళాల గుండ్రటి అద్దం, ట్రైపాడ్ మీద ఇత్తడి చట్రం, ముందు పాతిక సెంటీమీటర్ల దూరంలో ఒక గురిపుల్ల. అద్దం దగ్గరే అందరూ తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే పని చెడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి అద్దం చట్రంలో బిగించగానే వంగిపోతుంది. కంటికి కనపడని ఆ వంపు చాలు వెలుగంతా చెదిరిపోవడానికి. 4 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కొనేముందు 30 మీటర్ల దూరంలో గోడ మీద ఎండ కొట్టించి చూడాలి. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పు కాబట్టి, అద్దం ఎంత చక్కటిదైనా వెలుగు మీటరుకి 9 మిల్లీమీటర్ల పైచిలుకు విచ్చుకుంటుంది. 30 మీటర్లకి 28 సెంటీమీటర్లు, దానికి అద్దం వెడల్పు పన్నెండున్నర కలిపితే నలభై. గోడ మీద మచ్చ నలభైని మించి సాగినా, అంచు వంకరపోయినా ఆ అద్దం దువ్వుకోడానికి తప్ప పనికిరాదు.

అద్దం సరిగ్గా నడిమధ్యన వెనక పూత బ్లేడుతో గీరి 5 మిల్లీమీటర్ల కిటికీ చెయ్యాలి. అంతమేరా ఎండ వెనక్కి తిరగదు కాబట్టి పంపే వెలుగు మధ్యలో ఒక నల్లచుక్క పడుతుంది. ఆ నీడచుక్కే గురి. 3 మిల్లీమీటర్లకి తగ్గిస్తే గురిపుల్ల దగ్గరికి వెళ్లేసరికి అంచులు కరిగిపోయి చుక్క కనపడదు. చట్రం ఇరుసులు కూడా ఆ చుక్క గుండానే పోవాలి. పక్కకి జరిగాయంటే అద్దం తిప్పినప్పుడల్లా చుక్క చోటు మారిపోయి, కుదిర్చిన గురంతా మొదటికొస్తుంది. గురిపుల్ల తలకి తెల్ల రేకు అంటించాలి, నల్లచెక్క మీద నల్లచుక్కని ఎవరూ పట్టుకోలేరు.

ఇక కొండ మీద కుదిర్చిన తీరు చెప్తాను. అద్దం ముందు నిలబడి, అందులో కనిపించే దీపస్తంభం గీరిన చుక్కలో దాక్కునేదాకా తల సర్దుకోవాలి. తల కదపకుండా గురిపుల్ల ప్రతిబింబాన్ని కూడా ఆ చుక్క మీదికే తేవాలి. అప్పుడు చుక్క, పుల్ల, దీపస్తంభం ఒకే వరసలో ఉన్నట్టు. ఆ తర్వాత పుల్లని ముట్టుకోకూడదు. వెనక మీట నొక్కి పట్టుకుని, అడుగునున్న స్క్రూతో అద్దాన్ని పక్కలకీ, పైనున్న స్క్రూతో నిలువునా తిప్పుతూ నీడచుక్కని తెల్లరేకు నడిమధ్యకి తెస్తే వెలుగు కళింగపట్నంలో పడ్డట్టే. మీట వదిలితే అద్దం రవ్వంత వాలి, వెలుగు జారి పొలాల్లో పడిపోతుంది. నొక్కి వదిలితే చుక్క, మూడంతలసేపు పట్టి ఉంచితే గీత.

ఈలోగా మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ట్రైపాడ్ కేసీ నా కేసీ చూసి అడిగాడు:

"ఏటి బాబూ, మళ్లీ సర్వేయేటి? పోయినపాలి కొలతలే ఇంకా తేల్లేదు."

"సర్వే కాదు తాతా. కళింగపట్నంలో మా బావకి కబురంపుతున్నాను."

"సెల్లు లేదేటి ఆ బాబు కాడ?"

ఉందన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, చుట్ట వెలిగించుకుని రాయి మీద కూచున్నాడు.

మా లెక్కల్లో ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఒక్క మిల్లీమీటరు గురించి. తెల్లరేకు మీద నీడచుక్క ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే కళింగపట్నంలో వెలుగు 30 మీటర్లు జరుగుతుంది. అక్కడ వెలుగు వెడల్పే 70 మీటర్లు. మధ్య నుంచి 35 మీటర్లు జరిగితే బావకి చీకటే. పైగా సూర్యుడు ఊరుకోడు. గంటకి 15 డిగ్రీలు నడుస్తాడు, అంటే అద్దం కదలకుండా ఉంటే వెలుగే నిమిషానికి 30 మీటర్ల పైన జరిగిపోతుంది. నిమిషం ఏమరితే కబురు మధ్యలో తెగిపోతుంది. అందుకే కుడిచెయ్యి మీట మీద ఉంటే ఎడమచెయ్యి ఎప్పుడూ స్క్రూ మీదే ఉండాలి. చూపు దూరపు మనిషి మీద కాదు, ఎదుటి నీడచుక్క మీద. మోర్స్ నేర్చుకోవడం కొన్ని వారాల పని. మీట కొడుతూనే, చెయ్యి వణక్కుండా సూర్యుడి వెంట పడటం అసలు విద్య. పాతకాలంలో ఈ పనికి ఇద్దర్నీ ముగ్గుర్నీ పెట్టింది అందుకే, ఒకడు కొట్టేవాడు, ఒకడు చదివేవాడు, ఒకడు రాసుకునేవాడు.

ఇక్కడ అరసవల్లి గుర్తు రాకుండా ఉండదు. శ్రీకాకుళం వాళ్లకి చెప్పేదేముంది, మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో తెల్లవారి ఎండ గోపురం దాటుకుని లోపలికొచ్చి స్వామి పాదాలు తాకుతుంది. దక్షిణానికి దిగేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఆ చోటికి గురిపెట్టి కట్టిన స్థపతులు రాయి కదపక్కర్లేకుండా సూర్యుణ్ణే రప్పించుకున్నారు. వాళ్ల గురి ఏడాదికి ఆ నాలుగు పొద్దుల కోసం. మాది నిమిషనిమిషానికీ మారే గురి.

ముందు నేను వెలుగు నిలకడగా పట్టి ఉంచాను, బావ తన గురి కుదుర్చుకోడానికి. ఆయనకి పొద్దుటిపూట కష్టమెక్కువ. నాకు కళింగపట్నమూ సూర్యుడూ ఒకేవైపు ఉన్నాయి కాబట్టి ఒక అద్దం చాలు. ఆయన పడమటికి తిరిగి నాకు పంపాలి, సూర్యుడేమో వీపు వెనక. ఒక్క అద్దాన్ని ఏటవాలుగా పెడితే దానికి తగిలే ఎండ సన్నటి చీలికైపోతుంది. అప్పుడు గురిపుల్ల తీసేసి అక్కడ రెండో అద్దం బిగించాలి. మొదటి అద్దం ఎండని పట్టి రెండోదాని మీదికి, రెండోది మన మీదికి. రెండో అద్దం మధ్యలో చిన్న కాగితం ముక్క అంటించి నీడచుక్కని దాని మీద నిలబెట్టాలి. రెండుసార్లు తిరిగేసరికి వెలుగు కొంత పోతుంది, స్క్రూలు రెట్టింపవుతాయి, తిప్పే దిక్కు చేతికి తికమకగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే కష్టం ఆయన నుంచి నాకు మారుతుంది.

"అదిగో, ఎలుగొచ్చింది సూడు బాబూ!"

మేకల తాతే ముందు చూశాడు. దీపస్తంభం మొదట్లో తెల్లటి చుక్క, పట్టపగలు, కళ్లు చికిలించేంతగా. ఇంత వెలుగు ఉంటుందని కాగితం మీద లెక్కేసుకున్నా కంటితో చూస్తే ఆశ్చర్యం తగ్గలేదు. అయిదంగుళాల అద్దం అంత దూరాన్నుంచి సూర్యబింబంలో మూడు లక్షలవంతు. గాలిలో పోయింది పోగా కూడా పౌర్ణమి చంద్రుడి వెలుగుకి కాస్త తక్కువగా, అదంతా సూదిమొనంత చోట. బైనాక్యులర్స్ సంచిలోంచి తియ్యనేలేదు. పొద్దుటిపూట సూర్యుడి వైపు తిరిగి బైనాక్యులర్స్ పెడితే కళ్లు పోతాయి, ఎవరైనా చెయ్యాలనుకుంటే ఇది మరిచిపోవద్దు.

పంపిన కబురు రేవులో వంజరం చేప కిలో ఎంతని. ఒక్కో మాట అందగానే అవతలి నుంచి ఒక గీత రావాలి, రాకపోతే అదే మాట మళ్లీ కొట్టాలి. చెయ్యి ఎంత తిరిగినదైనా నిమిషానికి పది పన్నెండు మాటలు దాటడం కష్టం. తంతి ఆఫీసు మీటలా టకటకా కొడితే అద్దం ఊగుతుంది, అవతలివాడికి చుక్కకీ చుక్కకీ మధ్య చీకటే ఉండదు.

జవాబు 809 అని వచ్చింది. కిలోకి ఆ తొమ్మిది రూపాయలేమిటి? మోర్స్‌లో సున్నా అంటే అయిదు గీతలు, తొమ్మిది అంటే నాలుగు గీతలూ ఒక చుక్కా. పదింటికి సముద్రపు గాలి లేచింది, చివరి గీత మధ్యలో బావ అద్దం అదిరి వెలుగు తప్పింది, గీత చుక్కయింది. అంకెల్ని రెండుసార్లు కొట్టాలనే నియమం ఇందుకే. మళ్లీ అడిగితే 800 వచ్చింది. అదే ఫిరంగుల దళానికి పంపిన దూరమైతే ఒక్క గీతకి గుండు ఎక్కడ పడేదో ఆలోచించండి. గాలికి మందు ట్రైపాడ్ నడుముకి రాళ్లసంచి వేలాడదీసి కాళ్లు ఇసకలో జానెడు దింపడం. మీట స్ప్రింగు మరీ వదులైతే గాలే కబుర్లు చెప్తుంది, మరీ బిగువైతే నొక్కిన ప్రతిసారీ యంత్రమంతా కదులుతుంది.

పదిన్నరకి సముద్రం మీద తెల్లటి ఆవిరి కమ్మి దీపస్తంభం మసకైపోయింది. వెలుగు మాత్రం ఇంకాసేపు కనపడింది, స్తంభం కంటే అదే తెలుస్తోంది. ఆ తర్వాత చిన్న మబ్బు. మబ్బొస్తే ఇంక చేసేదేమీ లేదు, కూచోవడమే. దక్షిణాఫ్రికాలో 1899-1900లో లేడీస్మిత్ పట్టణం 118 రోజులు ముట్టడిలో ఉన్నప్పుడు లోపలివాళ్లకీ వాళ్లని విడిపించడానికొచ్చిన సైన్యానికీ మధ్య ఈ అద్దాలే తిరిగాయి. ఎండ లేని వేళకి నౌకాదళం వాళ్లు రైలు పెట్టె మీద సెర్చిలైటు పెట్టి, ముందు రెక్కల తలుపు బిగించి, మబ్బుల మీదికే మోర్స్ కొట్టారు. శత్రువు కూడా చదవగలడు కాబట్టి అది సంకేతభాషలో పంపాల్సిందే. అద్దానికి ఆ బెడద తక్కువ. నేను పంపింది చూడాలంటే ఆ 70 మీటర్ల వెడల్పులోనే నిలబడాలి. బీచ్‌లో వంద మీటర్లు పక్కన వల బాగుచేసుకుంటున్నవాళ్లకి ఏమీ కనపడలేదని బావే అడిగి తెలుసుకున్నాడు.

ఆటోవాడు చెప్పిన మాట ప్రకారం గంటల లెక్క కట్టి తీసుకున్నాడు, గార మీదుగా కళింగపట్నం దింపడానికి ఇంకో రెండు వందలు. అక్కడ వంజరం ముక్క వేయించి పెట్టినచోట ప్లేటు ధర చూస్తే రేవు ధరకి ఎక్కడా పొంతన లేదు. ముక్క మాత్రం బాగుంది, కారం మన సిక్కోలు కారమే.

తింటూ బావా నేనూ మాట్లాడుకున్నది మహేంద్రగిరి గురించి. 1501 మీటర్ల శిఖరం, కళింగపట్నం నుంచి 70 కిలోమీటర్లు దాటి ఉంటుంది. 1894లో అమెరికా సైనికులు రెండు కొండల మధ్య 295 కిలోమీటర్లు కొట్టారు, వాళ్ల అద్దం ఎనిమిదంగుళాలు, గాలి ఎడారి గాలి. మనకి తేమ ఎక్కువ కాబట్టి తుఫాను వాన గాలిని కడిగేసిన మర్నాటి పొద్దున్నే పట్టుకోవాలి. అంత దూరంలో వెలుగు ఆరేడు వందల మీటర్లు విచ్చుకుంటుంది, అయినా కోణంలో అదే అర డిగ్రీ కాబట్టి గురి సులువేమీ కాదు. పైగా కింది మనిషి పై మనిషికి కనపడడు. కాబట్టి కిందివాడు దిక్సూచితో శిఖరం ఏదో పోల్చుకుని దాని మీదికి వెలుగు నిలకడగా పట్టి ఉంచాలి, పైవాడు ఆ చుక్కని చూసి తన గురిపుల్ల కుదుర్చుకోవాలి. ఎనిమిదంగుళాల అద్దానికి 6 మిల్లీమీటర్ల మందం కావాలి, బరువు పెరుగుతుంది, మా ఇత్తడి చట్రం ఆగదు. కొత్త చట్రం కొలతలు బావ బిల్లు కాగితం వెనకే వేసిచ్చాడు.