ఈవుడ్ పార్కులో కోళ్ళ రైతు

"మావయ్యా, శనివారం బ్లాక్‌బర్న్ పోదాం, మ్యాచ్ చూపిస్తా" అని మా మేనల్లుడు చిన్నా అన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. మాంచెస్టర్‌లో మా చెల్లెలింటికి వచ్చి అప్పటికి పది రోజులు. ఆ ముసురుకీ చలికీ గడప దాటబుద్ధి కావడం లేదు. పైగా ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా గోలు పడితే అరవాలని, అంతే.

"ఆ క్లబ్బు ఓనర్లెవరో తెలుసా? వెంకీస్ వాళ్ళు" అన్నాడు వాడు. లేచి కూచున్నాను.

మాది అనపర్తి దగ్గర పల్లె. నాన్నగారి రోజులనుంచీ గుడ్ల కోళ్ళే మా వ్యవసాయం. మేత కలిపే గదిలో దేవుడి పటాల పక్కన బీవీ రావుగారి ఫొటో ఉండేది. 1971లో వెంకటేశ్వర హేచరీస్, అంటే వెంకీస్ వాళ్ళ మూల కంపెనీ, మొదలుపెట్టిన మనిషి. గుడ్డు ధర దళారి ఎంతంటే అంతే అన్న కాలంలో రైతుల్ని కూడగట్టి 1982లో నెక్, అంటే గుడ్డు ధర రైతులే ప్రకటించుకునే సంఘం, పెట్టించిన మనిషి. ఇప్పటికీ మా ఊళ్ళో తెల్లారి ముందు చూసేది నెక్ రేటు, తరవాతే వాతావరణం. ఆయన 1996లో పోయాక కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్, బాలాజీ వ్యాపారం అందుకున్నారు. వాళ్ళకి ఇంగ్లండులో ఏదో ఫుట్‌బాల్ టీం ఉందని ఎప్పుడో పేపర్లో చదివి మర్చిపోయాను.

విక్టోరియా స్టేషన్లో మేం ఎక్కాల్సిన రైలు రద్దయింది. తరవాతది వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద వణుకుతూ నిలబడితే, "ఇక్కడ ఇది మామూలే" అన్నాడు చిన్నా, మన రైళ్ళ గురించి నేనెప్పుడూ గొణుగుతుంటానని గుర్తుచేస్తూ. ఎక్కాక మొదటి పెద్ద ఊరు బోల్టన్. ఆ ఊరి క్లబ్బుకి ఎడ్డీ డేవిస్ అని ఒక ఓనరు ఉండేవాడట. కెటిల్లో నీళ్ళు మరగ్గానే దానంతటది ఆగిపోయే మీట ఉంటుందే, ఆ మీటలు చేసే వ్యాపారంలో కోట్లు గడించాడు. పుట్టిన ఊరి మీద ప్రేమకొద్దీ క్లబ్బుకి అప్పుగా పోస్తూ పోయాడు. వెళ్ళిపోయేటప్పుడు తనకి రావాల్సిన 17 కోట్ల పౌండ్ల పైచిలుకు వదులుకున్నాడు. 2018లో ఆయన పోయాడు. 2019 మే నెలకి బోల్టన్ క్లబ్బు దివాలా అధికారుల చేతిలో ఉంది. "అంత అప్పు మాఫీ అయ్యాక కూడానా?" అన్నాను. "అప్పు పోయింది మావయ్యా, ఖర్చు పోలేదుగా" అన్నాడు వాడు.

బోల్టన్ దాటాక పచ్చటి గుట్టలు, రాతి గోడలు, గొర్రెలు. ఒక పొడుగాటి సొరంగంలోంచి బయటపడితే డార్వెన్. 1931 సెప్టెంబరులో గాంధీగారు వచ్చింది ఇక్కడికే. విదేశీ బట్ట బహిష్కరణతో ఈ లోయలో మిల్లులు మూతపడి, నేతగాళ్ళు పనుల్లేక కూచున్న రోజులవి. తమ నోటికాడి కూడు పోవడానికి కారణమైన మనిషి వస్తే వాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. మిల్లు ఆడవాళ్ళ మధ్య ఆయన అంగవస్త్రంతో నిలబడ్డ ఫొటో మీరూ చూసే ఉంటారు. కిటికీలోంచి చూస్తే ఆ ఊరు ఇంకా అలాగే ఉంది అనిపించింది, మిల్లు పొగగొట్టాలు తగ్గాయి, అంతే.

బ్లాక్‌బర్న్‌లో దిగి బస్సు కోసం చూడకుండా నడక పెట్టాం. ఊరిమధ్య అంగళ్ళలో గుజరాతీ మాటలు, సమోసా వాసన. పాత మిల్లు గోడలు, వాటిని ఆనుకుని లీడ్స్–లివర్‌పూల్ కాలువ. నీళ్ళు మన గోదావరి కాలువ నీళ్ళలాగే బురదరంగు. మనకి ధాన్యం పడవలు తిరిగినట్టు ఇక్కడ బొగ్గు, పత్తి తిరిగేవి. ఇప్పుడు బాతులు.

డబ్బు గొడవ ఈ ఊళ్ళో నిన్నా మొన్నటిది కాదు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే టీం, నేతగాళ్ళూ ఇనుప కార్ఖానా పనివాళ్ళూ ఆడిన టీం, దొరబిడ్డల ఓల్డ్ ఈటోనియన్స్‌ని ఓడించి ఎఫ్ఏ కప్పు, అంటే ఇంగ్లండు క్లబ్బులన్నీ పోటీపడే కప్పు, ఎత్తుకొచ్చింది. ఫైనల్‌కి ముందు బ్లాక్‌పూల్ తీసుకెళ్ళి వాళ్ళకి శిక్షణ ఇప్పించే ఖర్చు పెట్టుకున్నది ఊళ్ళో ఇనుప ఫౌండ్రీ ఆసామి. రెండేళ్ళకి ఆటగాళ్ళకి జీతమివ్వడం చట్టబద్ధమైంది. జీతాల పోటీలో ఒలింపిక్ నిలవలేకపోయింది, 1889కి మూతపడింది. అంతకన్నా కలిగినవాళ్ళ అండ ఉన్న ఇంకో క్లబ్బు, బ్లాక్‌బర్న్ రోవర్స్, మిగిలింది. ఇప్పుడు మేం వెళ్తున్నది ఆ రోవర్స్ దగ్గరికే.

రోవర్స్ మైదానం ఈవుడ్ పార్క్ ఇళ్ళ మధ్య ఉంది. ఎర్ర ఇటుక ఇళ్ళ వరసల మీదుగా ఒక్కసారిగా స్టేడియం పైకి లేస్తుంది, పల్లెలో రైసుమిల్లు లేచినట్టు. ముందు జాక్ వాకర్ విగ్రహం. చిన్నా అక్కడ ఆగి ఫొటో తీయలేదు, ఊరికే నిలబడ్డాడు. వాడు పుట్టకముందే పోయిన మనిషి మీద వాడికి ఈ భక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

వాకర్ ఈ ఊరివాడే. ఉక్కు వ్యాపారం చేసి, దాన్ని బ్రిటిష్ స్టీల్‌కి 30 కోట్ల పౌండ్లకు పైగా అమ్మి, 1991లో క్లబ్బు పగ్గాలు పట్టాడు. అప్పటికి రోవర్స్ రెండో డివిజన్లో ఈదుతోంది. కెనీ డాల్‌గ్లిష్‌ని మేనేజరుగా తెచ్చాడు. 1992లో పై డివిజన్‌కి వచ్చిన వెంటనే అలెన్ షియరర్ అనే ఆటగాణ్ణి బ్రిటన్లో అప్పటిదాకా ఎవరూ ఇవ్వని ధరకి కొన్నాడు. స్టేడియం మూడు వైపులా కొత్తగా కట్టించాడు. 1995 మే 14న, ఆఖరి రోజు, లివర్‌పూల్ చేతిలో ఓడిపోయారు. అయినా మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్ మీద గెలవలేక డ్రా చేసుకోవడంతో లీగు టైటిల్ వీళ్ళదే అయింది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న మిల్లు ఊరు ఇంగ్లండు ఛాంపియన్. నాలుగేళ్ళకి కింది డివిజన్‌కి జారింది. 2000లో వాకర్ పోయాడు. జనం ఇప్పటికీ "అంకుల్ జాక్" అంటారు.

ఆయన పోయాక క్లబ్బు ఆయన పేరున్న ట్రస్టు చేతిలో ఉంది. ట్రస్టుకి ప్రేమ ఉండదు, లెక్కలుంటాయి. 2010 నవంబరులో 2 కోట్ల 30 లక్షల పౌండ్లకి, అంటే అప్పటి లెక్కన 160 కోట్ల రూపాయల పైచిలుకుకి, వెంకీస్ వాళ్ళకి అమ్మేశారు.

మా సీట్లు రివర్‌సైడ్ స్టాండులో. వాకర్ క్లబ్బు కొనకముందే తన ఉక్కు ఇచ్చి కట్టించిన స్టాండు అది. చీజూ ఉల్లిపాయా పెట్టి కాల్చిన ‘పై’ రొట్టె ఒకటి కొనుక్కుని, కాలుతున్న నాలుకతో కూచున్నాను. నా పక్కన డెబ్భై దాటిన ఒక పెద్దాయన, నీలం తెలుపు మఫ్లరు. తాత, తండ్రి, తను, ముగ్గురూ ఇక్కడివాళ్ళేనట. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగాడు. నా ఇంగ్లీషు మీద నమ్మకంలేక చిన్నా అందుకున్నాడు: "ఇండియా నుంచి. మా మావయ్య కోళ్ళ రైతు."

ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది. ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. తరవాత పగలబడి నవ్వారు. ఒకడైతే నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. చిన్నా చెవిలో చెప్పాడు: 2012 మేలో విగన్ చేతిలో ఓడి, అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగునుంచి పడిపోయిన రాత్రి, ఇదే మైదానంలోకి ఎవరో ఒక కోడికి రోవర్స్ జెండా చుట్టి వదిలారట. అది ఆట మధ్యలో గడ్డి మీద తిరిగింది. నా మనసు ముందు కోడి మీదికే పోయింది. ఆ లైట్లకీ కేకలకీ ఎంత బెదిరిపోయి ఉంటుంది!

కొత్త యజమానులు వస్తూనే, నెల తిరగకుండా, అనుభవమున్న మేనేజర్ సామ్ అలర్డైస్‌ని తీసేశారు. ఆటగాళ్ళ చేత చికెన్ ప్రకటన చేయించారు. 2012లో ఒక మెట్టు, 2017లో ఇంకో మెట్టు దిగారు. మూడో డివిజన్. మరుసటి ఏడు పైకొచ్చారు గానీ అక్కడే ఆగారు. ఇదంతా పెద్దాయన చెప్పుకుంటూ పోయాడు, మధ్యలో రిఫరీని తిడుతూ.

నన్ను పట్టేసింది మాత్రం ఆ తరవాతి సంగతి. నష్టం వచ్చిన ప్రతి ఏడూ ఓనర్లు డబ్బు పంపుతూనే ఉన్నారు. అందులో చాలా భాగం క్లబ్బుకి అప్పుగానే రాసి ఉంది, వడ్డీ లేదు. వాళ్ళు పోసింది మొత్తం 20 కోట్ల పౌండ్లు దాటింది, మన లెక్కలో రెండు వేల కోట్ల పైమాట. "తీర్చేదెవరు?" అన్నాను. చిన్నా భుజాలెగరేశాడు. ఈ రెండో డివిజన్ మొత్తంమీద వంద రూపాయల ఆదాయానికి జీతాలే వంద దాటిన ఏళ్ళున్నాయి. పై డివిజన్లో టీవీ డబ్బు గుట్టలుగా ఉంటుంది, ఎలాగైనా ఎక్కేయాలని అందరూ పందెం కాస్తారు. గుడ్డు రేటు పెరిగిన ఏడు ఊరంతా కొత్త షెడ్లు వేసి, మరుసటి ఏడు మేత బాకీలు లెక్కపెట్టుకోవడం నాకు తెలీనిదా! మూడేళ్ళలో 3 కోట్ల 90 లక్షల పౌండ్లకి మించి నష్టపోకూడదని అప్పట్లో ఇక్కడ రూలు. అంత నష్టం రూలు ప్రకారమే పోవచ్చన్నమాట.

మా వైపు బ్రాయిలర్ రైతులు చాలామంది ఇప్పుడు ఇంటిగ్రేషన్‌లో ఉన్నారు. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, నీళ్ళు, కరెంటు, రాత్రిళ్ళు మేలుకోవడం రైతువి. కిలోకింత కూలి. నడిచినంతకాలం రైతుకి రేటు భయం ఉండదు. కంపెనీ పిల్లల్ని దించడం ఆపితే మాత్రం నలభై అడుగుల షెడ్డు ముందు చేతులు కట్టుకు నిలబడాలి. పేరు రైతుదే, గేటు మీద బోర్డూ రైతుదే. పెద్దాయనకి ఇది చిన్నా చేత చెప్పించాను. ఆయన కాసేపు మైదానం వంక చూసి, "మాకు కూలి కూడా లేదు, టికెట్టు మేమే కొనుక్కుంటాం" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. ఈ మధ్య ఇండియాలో వెంకీస్ మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ నడుస్తుండటంతో, ఇక్కడికి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది, బ్యాంకు గ్యారంటీలు పెట్టాల్సి వచ్చింది. లాంకషైర్‌లో లెఫ్ట్‌బ్యాక్ ఆటగాడి జీతం ఢిల్లీలో వాయిదా మీద! 2024లో సొంత కుర్రాడు ఆడమ్ వార్టన్‌ని క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బుకి అమ్ముకున్నారు. 2025లో ఆడవాళ్ళ టీంని రెండో స్థాయి లీగునుంచి వెనక్కి తీసుకున్నారు, ఆ స్థాయికి కావలసిన ఖర్చు పెట్టలేమని.

ఓనర్ల మీద నాకు కోపం రాలేదు, అది పెద్దాయనకి చెప్పలేదు. పదిహేనేళ్ళు తమకి దక్కేది లేకుండా పోస్తున్నవాణ్ణి దొంగ అని నేననలేను. కానీ వాళ్ళు ఇక్కడ కనబడరని, అసలు మాట్లాడరని అభిమానుల బాధ. అది మాత్రం నాకు తెలుసు. మేత వేళకి వస్తున్నా, మనిషి షెడ్డులోకి రాకపోతే కోళ్ళక్కూడా తేడా తెలుస్తుంది. బీవీ రావుగారు రైతుల దగ్గరికి ఊరూరా తిరిగి నెక్ కట్టిన మనిషి. ఆయన పిల్లలకి ఈ ఊరు ఎందుకంత దూరమైందో నాకు అంతుపట్టలేదు.

ఆట? డార్వెన్ వైపు పై అంతస్తులో సీట్లు సగానికి పైగా ఖాళీ. వాన ఏటవాలుగా పడుతోంది. ఒక గోలు పడ్డప్పుడు పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు, ‘పై’ రొట్టెలో మిగిలిన ముక్క నా స్వెట్టరు మీద పడింది. ఆ ఒక్క నిమిషం ఎవరికీ అప్పు గుర్తులేదు.

మర్నాడు ట్రామెక్కి బరీ వెళ్ళాం. ఇది నేనే అడిగాను, బోల్టన్ కథ విన్నాక ఇంకా కింద ఏముంటుందో చూద్దామని. గిగ్ లేన్ మైదానం చిన్నది, చెట్ల మధ్య. 1885లో పుట్టిన క్లబ్బు. 1903 ఎఫ్ఏ కప్పు ఫైనల్లో డర్బీని 6-0తో ఓడించింది. 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ అనే ఆయన ఒక్క పౌండుకి దీన్ని కొన్నాడు. ఆ పౌండుతోపాటు వచ్చినవి బాకీలు. ఆటగాళ్ళకి జీతాలు సరిగ్గా అందని ఆ సీజన్లోనే టీం పై డివిజన్‌కి ఎక్కింది కూడా. డబ్బు చూపించలేకపోయారని 2019 ఆగస్టు 27న లీగు నుంచి తీసేశారు. 2023లో అభిమానుల సొసైటీ అండతో, ఎంతో కింది లీగులో, ఇక్కడ మళ్ళీ ఆట మొదలైంది. క్లబ్బుల లెక్కలు చూడటానికి 2025లో చట్టం చేసి ప్రత్యేకంగా ఒక రెగ్యులేటర్ని పెట్టారంటే అందులో బరీ పాత్ర ఉంది.

గేటు దగ్గర నిలబడి చిన్నా ఆ ఆగస్టు రోజు సంగతి చెప్పాడు. కొనేవాళ్ళు దొరికారని, శనివారం మ్యాచ్ ఉంటుందని ఆశతో ఆ పొద్దున అభిమానులు వందలమంది వచ్చారట. చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని సీట్లు తుడిచారు, మెట్లు కడిగారు. వాడు చెబుతుంటే నాకు బ్యాచ్ దిగేముందు మా ఊళ్ళో షెడ్లు కనబడ్డాయి: నేల కడిగి, సున్నం కొట్టి, ఊక పరిచి, బల్బులు వెలిగించి, రోడ్డు వంక చూస్తూ కూచోవడం. మధ్యాహ్నానికి ఆ బేరం చెడిపోయింది. రాత్రికి క్లబ్బు లేదు. సీట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.