పాత బుల్లెట్టుకు ఇంట్లో చేసుకున్న మార్పులు: నా అనుభవం

మా చిన్నాయన దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లు తిరగడానికి వాడి, చివరకు కొట్టంలో నిలిపేసిన బుల్లెట్ 350ను నల్లగొండలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. సైలెన్సరు, హ్యాండిలు, సీటు మార్చాలన్నది నా కోరిక. అయితే 70 మి.మీ. బోరు (సిలిండరు వ్యాసం), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) గల ఆ ఇంజను ముందుగా సవ్యంగా నడవనిదే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో తేల్చుకోవడం సాధ్యం కాదు గనుక, దాన్ని మొదట కంపెనీ కొలతలకు తేవాలని, ఆ తరువాత కూడా ఒకసారి ఒక్క భాగాన్నే మార్చాలని నియమం పెట్టుకున్నాను.

వాల్వులను తెరిచే పుష్ రాడ్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో తిప్పితే తిరగాలి గాని, పైకీ కిందికీ ఆడకూడదు. విడిపోగానే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టు పాయింట్ల మధ్య సందు, సన్నని రేకులతో కొలిచే ఫీలర్ గేజితో 0.35 నుంచి 0.40 మి.మీ. వరకు ఉంచాను. పిస్టను పై అంచుకు చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. వాటి మధ్య పెట్టిన పలుచని కాగితం ముక్క లాగితే జారి వచ్చే క్షణమే ఆ గుర్తు. చాలామంది ప్లగ్గు రంధ్రంలోంచి స్పోకు దించి పిస్టను ఎత్తు చూస్తారు గాని, ఆ రంధ్రం ఏటవాలుగా ఉండడం వల్ల అది ఉజ్జాయింపు కొలతే. అక్కడి నుంచి రోడ్డు మీద నడిపి చూసి సవరించుకోవలసిందే.

ఇంత చేసినా మధ్యాహ్నపు ఎండలో బండి కొంతదూరం పోయి ఆగిపోయేది, చల్లారాక మళ్లీ స్టార్టయ్యేది. కార్బొరేటరు, పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి), ప్లగ్గుకు హై వోల్టేజి ఇచ్చే కాయిలు ఒక్కొక్కటిగా చూసిన తరువాత అనుమానం, పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య నిప్పురవ్వలు రాకుండా చూసే కండెన్సరు మీద నిలిచింది. పాయింట్ల పక్కనే ఇంజను వేడిలో ఉండే దాన్ని అక్కడి నుంచి తీసి, ట్యాంకు కింద కాయిలు దగ్గర బిగించి, పాయింట్ల తీగ కాయిలును చేరే చోటనే కలిపాను. కరెంటు దారి అదే, వేడి మాత్రం తప్పింది. నల్లగొండ ఎండలకు ఇంతకంటె పనికొచ్చే మార్పు ఈ బండికి మరొకటి లేదని నా అభిప్రాయం.

పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టుకోమని కొందరు సలహా ఇచ్చారు. దారిలో గరుకు కాగితంతో రుద్ది సరిచేసుకోగల పాయింట్లనే నేను ఉంచుకున్నాను. పైగా పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు చూపే అమ్మీటరు ముల్లు ఒకవైపు వాలి, విడిపోగానే నడుమకు వస్తుంది కాబట్టి, పిస్టను ఎక్కడుందో అదే చెబుతుంది. "ముల్లు నడిమికి రాకముందే కిక్కు కొట్టకు బిడ్డా, కాలు విరుగుతది" అని చిన్నాయన మొదటి రోజే హెచ్చరించాడు. ముల్లు నడుమకు వచ్చాక డీకంప్రెసరు (సిలిండరులోని ఒత్తిడిని వదిలే లీవరు) పట్టి కిక్కును కొద్దిగా దాటించి, ఆపైన నిండుగా తొక్కితే బండి స్టార్టవుతుంది.

పొట్టి సైలెన్సరు వేయగానే థ్రాటిల్ వదిలినప్పుడల్లా పటపటమని పేలడం మొదలైంది, ప్లగ్గు తెల్లబడింది. గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదన్నమాట. గ్రిప్పు మీద టేపుతో పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుని, పానగల్లు రోడ్డు మీద ఒక్కో గీత దగ్గర నిలకడగా నడిపి, క్లచ్చు పట్టి ఇంజను ఆపి ప్లగ్గు విప్పి చూసేవాణ్ని. కార్బొరేటరులో స్లో స్పీడుకు స్లో జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం), నడిమి థ్రాటిలుకు సూది, నిండు థ్రాటిలుకు మెయిన్ జెట్టు ముఖ్యం. సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. మెయిన్ జెట్టు పెద్దది వేశాక ప్లగ్గు కాఫీ రంగుకు వచ్చింది.

అయినా ఆ సైలెన్సరును తీసేశాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కంపెనీ నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి కూడా. పాత సైలెన్సరుతో పాటు పాత జెట్టూ, సూది గాడీ వెనక్కి వచ్చాయి.

ముందు బ్రేకు విషయంలో ఆ చిక్కు లేదు. గుండ్రం తప్పిన డ్రమ్మును లేత్ షాపులో సమం చేయించి, హైదరాబాదు పుత్లీబౌలి నుంచి తెచ్చిన కొత్త బ్రేకు లైనర్లను డ్రమ్ము వంపుకు సరిపోయేలా అరగదీయించాను. లీవరు పట్టినప్పుడు వచ్చే కుదుపు పోయింది. ఇప్పుడు వెనుక డ్రమ్ము విప్పి ఉంది, అదే పద్ధతిలో చేయిస్తున్నాను.