లైపోలిసిస్‌లో జన్యు తేడాలు: బట్టీ పట్టకుండా చదివే పద్ధతి

లైపోలిసిస్ అంటే కొవ్వు కణంలో దాచిన కొవ్వు (ట్రైగ్లిజరైడ్) విడిపోవడం. ఈ టాపిక్‌ని జన్యువుల పేర్ల పట్టికగా చదివితే పరీక్ష హాల్లో అక్కరకు రాదు. ప్రయోగ ఫలితం ఇచ్చి, లోపం ఏ మెట్టులో ఉందో చెప్పమంటారు. అందుకే రోజూ ఒకసారి ఖాళీ కాగితం మీద దారంతా గీయండి: బీటా రిసెప్టర్ (అడ్రినలిన్ సంకేతాన్ని అందుకునేది), అడినైలేట్ సైక్లేజ్ (సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైమ్), సైక్లిక్ ఏఎంపీ (కణంలోపలి సంకేత అణువు), ప్రొటీన్ కైనేజ్-ఏ (ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్). ఈ కైనేజ్ కొవ్వు బిందువును కప్పి ఉండే పెరిలిపిన్-1 ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించగానే, దాన్ని అంటిపెట్టుకున్న సీజీఐ-58 అనే సహాయక ప్రొటీన్ విడిపోయి ఏటీజీఎల్‌ని ఉత్తేజపరుస్తుంది. ట్రైగ్లిజరైడ్ నుంచి మొదటి ఫ్యాటీ ఆమ్లాన్ని ఏటీజీఎల్, రెండోదాన్ని హెచ్‌ఎస్‌ఎల్, మూడోదాన్ని ఎంజీఎల్ అనే ఎంజైమ్‌లు తెంపుతాయి; చివరికి గ్లిజరాల్ మిగులుతుంది. పాత నోట్సుల్లో మొదటి మెట్టు కూడా హెచ్‌ఎస్‌ఎల్‌దేనని ఉంటుంది. ఏటీజీఎల్ బయటపడింది 2004లో, కాబట్టి దిద్దుకోండి.

లైపోలిసిస్ ఎంత జరిగిందో తెలియడానికి గ్లిజరాల్‌నే ఎందుకు కొలుస్తారన్నది తప్పక అడిగేదే. కొవ్వు కణంలో గ్లిజరాల్‌ని మళ్లీ వాడుకోవడానికి కావాల్సిన ఎంజైమ్, గ్లిజరాల్ కైనేజ్, చాలా తక్కువ, అందుకే గ్లిజరాల్ బయటికి పోతుంది. ఫ్యాటీ ఆమ్లాలు కొన్ని మళ్లీ ట్రైగ్లిజరైడ్‌లో చేరిపోతాయి. ఫ్యాటీ ఆమ్లాలకూ గ్లిజరాల్‌కూ లెక్కకు రావాల్సిన 3:1 నిష్పత్తి తగ్గేది అక్కడే.

ఇప్పుడు జన్యు తేడాలను బొమ్మ మీద పెట్టండి. ఐసోప్రినలిన్‌కు (బీటా రిసెప్టర్‌ను ఉత్తేజపరిచే మందు) గ్లిజరాల్ పెరగక, ఫోర్‌స్కోలిన్‌కు (సైక్లేజ్‌ను నేరుగా ఉత్తేజపరిచేది) పెరిగితే లోపం సైక్లేజ్‌కు పైనే. బీటా-2 రిసెప్టర్ 164వ స్థానంలో థ్రియోనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ రావడం ఈ కోవలోనిది. రెండింటికీ పెరగకపోతే కిందికి దిగి చూడాలి. ఉద్దీపన ఏదీ లేకుండానే విడుదల ఎక్కువగా ఉంటే పెరిలిపిన్-1ని అనుమానించండి: కొన్ని ఫ్రేమ్‌షిఫ్ట్ మ్యుటేషన్లలో (జన్యు సంకేతాన్ని చదివే వరుస జరిగిపోయే మార్పులు) అది సీజీఐ-58ని పట్టి ఉంచలేదు, ఏటీజీఎల్‌కు కళ్లెం ఉండదు, పాక్షిక లైపోడిస్ట్రఫీ (శరీరంలో కొన్ని చోట్ల కొవ్వు లేకపోవడం) వస్తుంది.

ఎక్కువ మంది బోల్తా పడేది హెచ్‌ఎస్‌ఎల్ దగ్గర. కొవ్వు కరగకపోతే ఊబకాయమే వస్తుందనుకుంటారు. 2014లో అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ సమాజపు కుటుంబాల్లో గుర్తించిన 19 బేస్ జతల డిలీషన్ (డీఎన్‌ఏ ముక్క ఊడిపోవడం) రెండు ప్రతుల్లోనూ ఉన్నవారిలో హెచ్‌ఎస్‌ఎల్ ప్రొటీనే లేదు. అయినా వారిలో కనిపించినవి చిన్న కొవ్వు కణాలు, ఇన్సులిన్ నిరోధకత.

బీటా-3 రిసెప్టర్‌లో 64వ స్థానం మార్పుకు మరీ ప్రాధాన్యం ఇవ్వకండి. ఎలుకల కొవ్వు కణాల్లో అది ప్రధాన రిసెప్టర్, మనిషి తెల్ల కొవ్వులో ముఖ్యమైనవి బీటా-1, బీటా-2. ప్రశ్నలో ఏ జీవి అని ఉందో ముందు చూడండి.