సిలిండర్ వెనక గాలిని కొలిచి డ్రాగ్ తేల్చిన నా అనుభవం

విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని ఒకే వేగంతో పంపే సొరంగంలో, 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌ని అడ్డంగా బిగించాం. దాని మీద పడే డ్రాగ్, అంటే గాలి దాన్ని వెనక్కి నెట్టే బలం, ఎంతో చెప్పాలి. బలాన్ని తూచే బ్యాలెన్స్ వాడకూడదు, వెనక గాలి వేగం కొలిచి మొమెంటమ్ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) లెక్కతోనే తేల్చాలి. హైదరాబాద్‌లో ఎం.టెక్ చదువుతూ నేను చేసిన ప్రయోగాలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ముందు సిలిండర్ చుట్టూ కాగితం మీద ఒక పెట్టె గీసుకున్నాను. అదే కంట్రోల్ వాల్యూమ్, లోపలికి వచ్చే గాలిని, బయటికి పోయే గాలిని లెక్కగట్టే హద్దు. ఎదుటి గోడలోంచి గాలి పూర్తి వేగంతో వస్తుంది, వెనక గోడలోంచి మందగించి పోతుంది. వచ్చినంత గాలి వెనకనుంచి పోకపోతే మిగిలింది ఎటు పోయినట్టు? పైనుంచి, కిందనుంచి. అసలు కీలకం ఇక్కడే ఉంది. పక్కకు తప్పుకున్న గాలి దాదాపు పూర్తి వేగంతోనే, తన మొమెంటమ్‌తో సహా బయటికి పోతుంది. దాన్ని వదిలేసి లెక్క కడితే, వెనక వేగం ముప్పావు వంతుకు పడిపోయిన చోట డ్రాగ్ రెండింతలకు పైగా వస్తుంది! దాన్ని కలిపితే పని తేలిక: వెనక ఒక్కో సన్నని పట్టీలోంచి సెకనుకు పోయే గాలి ద్రవ్యరాశిని, ఆ గాలి కోల్పోయిన వేగంతో గుణించి, అన్నీ కూడాలి.

సిలిండర్‌ని ఆనుకుని కొలిస్తే కుదరదు, అక్కడ పీడనం ఇంకా చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానం కాదు, లెక్క తప్పుతుంది. దగ్గర్లోనే కొలవాల్సొస్తే 1925లో బెట్జ్, 1936లో మెల్విల్ జోన్స్ అనే పరిశోధకులు చూపిన సవరణలు ఉన్నాయి. మేం పది వ్యాసాల దూరం జరిగాం.

గాలి వేగం సెకనుకు 20 మీటర్లు. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కదా, గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి 1.225 కాకుండా ఘనపు మీటరుకు సుమారు 1.09 కిలోలు తీసుకున్నాను. గాలి వేగం వల్ల పుట్టే పీడనాన్ని నీటి ఎత్తుగా చూపే మానోమీటర్‌లో 22 మిల్లీమీటర్ల నీరు. గాలికి ఎదురుగా ఉండి ఆ పీడనాన్ని అందుకునే పిటో ట్యూబు అనే సన్నని గొట్టాన్ని సిలిండర్ వెనక మెల్లగా జరుపుతూ పోతే మధ్యలో 12కి దిగి, అక్కడ నీటిమట్టం వణికింది. ల్యాబ్ అన్న పక్కనే నిలబడి, "అంచుదాంక పో, మళ్లా 22 వచ్చేదాంక ఆపకు" అన్నాడు. నిజమే, అంచుల్లో వేగపు లోటు చిన్నదైనా వెడల్పు ఎక్కువ.

డ్రాగ్ గుణకం (సైజు, గాలి వేగం, సాంద్రతల ప్రభావం తీసేశాక డ్రాగ్‌ని చెప్పే అంకె) 1.2కి దగ్గరగా వచ్చింది, పుస్తకాల్లో ఉన్నట్టే. అంటే మీటరు పొడవుకు 6.5 న్యూటన్లు. ట్యూబుని ఇంకా వెనక్కి జరిపి మళ్లీ కొలిచాను. లోటు పల్చబడి వెడల్పయింది, మొత్తం మాత్రం దాదాపు అంతే.