మడమ కింద దిండు, నోట్లో సంగటి ముద్ద

పక్షవాతంతో మంచాన పడిన పెద్దవాళ్ళను ఇంట్లో చూసుకునేటప్పుడు రెండు చోట్ల నష్టం ఎక్కువగా జరుగుతుంది. ఒకటి నడుము కింద చర్మం, రెండోది గొంతు. రెండూ చాలావరకు ప్రేమ కొద్దీ చేసే పనుల వల్లే చెడతాయి.

ముందు చర్మం సంగతి. వీపు పుండు ఒక్కరోజులో వచ్చినట్టు కనిపిస్తుంది గానీ అంతకుముందే గుర్తు ఇస్తుంది. తోక ఎముక, తుంటి, మడమ, చీలమండ, భుజం ఎముక, తల వెనక భాగం రోజూ స్నానం చేయించేటప్పుడు చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో రెండు మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా పరవాలేదు. తెల్లబడకుండా అట్లే ఉంటే లోపల దెబ్బ మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి చేత్తో తడిమి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగిలినా, రంగు నల్లబడినా అదే గుర్తు. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు, నలిగిన కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో బెజ్జం ఉండే గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా తప్పే. ట్యూబు అంచు చుట్టూ నొక్కి మధ్యకు రక్తం పోనివ్వదు.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. 6కి కుడి, 8కి వెల్లకిలా, 10కి ఎడమ అని కాగితం మీద రాసి గోడకు అంటించండి, లేకుంటే 'మొన్న వదిన తిప్పింది కదా' అనే లెక్కలో పోతుంది. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు ఇస్తే చాలు. మడమలకు మాత్రం దిండు మడమ కింద కాదు, పిక్కల కింద పెట్టాలి. మడమ పరుపుకు తగలకుండా గాల్లో ఉండాలి, దాని కింద చెయ్యి దూరాలి. చర్మం బాగుండి, పంపుతో గాలి నిండే మంచి పరుపు (ఎయిర్ బెడ్) కూడా ఉంటే రాత్రిపూట మూడు నాలుగు గంటలకోసారి తిప్పినా సరిపోతుంది. చూసుకునేవాళ్ళకూ నిద్ర కావాలి కదా.

చంకల్లో చేతులు పెట్టి పైకి ఈడ్చడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చర్మం దుప్పటికి అతుక్కుంటే లోపల ఎముక జారి, మధ్యలో రక్తనాళాలు నలుగుతాయి. పాత పంచె రెండు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా పరవండి. ఇద్దరు చెరోవైపు దాన్ని చుట్టి పట్టుకుని, ఎత్తి జరపాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది. పడుకున్నా కూర్చున్నా ఆ చేతి కింద దిండు ఉండాల్సిందే.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రుల చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో ఎయిర్ బెడ్ దొరుకుతుంది. మామూలు పరుపు పైన వేసి, మీద ఒక్క పల్చటి నూలు దుప్పటి చాలు. పైన రబ్బరు షీటు, బొంత వేస్తే కొన్నది దండగే. మే ఎండల్లో ఆ రబ్బరు కింద చెమట పట్టి చర్మం నానిపోతుంది. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే పిర్రల కిందుగా ఎయిర్ బెడ్‌కూ పరుపుకూ మధ్య అరచెయ్యి దూర్చండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలలేదు, పంపు నాబ్ పెంచండి. కరెంటు పోయినప్పుడు పైపులు పీకి మడిచి కట్టేస్తే గాలి కొంతసేపు నిలుస్తుంది.

పుండు పడనే పడితే డెటాల్, స్పిరిట్, పసుపు ఏవీ వద్దు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో కడిగి, నర్సుకో డాక్టరుకో చూపించండి. నల్లటి చెక్కు కట్టినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇక గొంతు. మన సీమలో సంగటి నమలరు, పులుసులో ముంచి మింగుతారు. పక్షవాతం వచ్చిన గొంతుకు అదే ప్రమాదం. జిగట ముద్ద గొంతులో అడ్డం పడొచ్చు, లేదా ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. 'నాయనకు ఇష్టం' అని ముద్ద పెట్టకండి. నీళ్ళు సులువనుకుంటాం గానీ, పల్చటి నీళ్ళే ముందు పొలమారతాయి. చెంచా వంచితే తెగకుండా జారేంత చిక్కగా కాచిన రాగి జావ చాలామందికి నీళ్ళకన్నా సులువు. అందులో మజ్జిగ పోసి పల్చన చేస్తే కథ మొదటికొస్తుంది. ఎంత చిక్కదనం సరిపోతుందో గొంతు పరీక్ష చేసినవాళ్ళను అడిగి తేల్చుకోండి. దగ్గు రాకపోయినంత మాత్రాన సరిగ్గా మింగినట్టు కాదు. తిన్నాక 'ఆ' అనమనండి. గొంతు గరగరమంటే లోపల ఏదో మిగిలింది.

తినేటప్పుడు బాగా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, చెంచాలో సగం మాత్రమే పెట్టాలి. తర్వాత అరగంట అట్లే ఉంచాలి. ఇక్కడే మళ్ళీ చర్మం బాధ వస్తుంది, కూర్చోబెట్టిన మనిషి కిందికి జారతాడు. అందుకే ముందు మోకాళ్ళ కింద దిండు పెట్టి, ఆ తర్వాత తలవైపు ఎత్తండి. అరగంట కాగానే తలవైపు 30 డిగ్రీల లోపుకు దించేయండి. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు దాగుంటాయి, తడి గుడ్డతో తీసేయాలి. ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని రాసున్న మాత్రలు పొడి చేయకండి. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది.

జావ ఒక్కటే పెడితే మాత్రం పుండు మానదు. పుండు ఉన్నవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 50 కిలోల మనిషికి 60 గ్రాములు తక్కువ కాకుండా. 100 గ్రాముల రాగిపిండిలో ఉండేది 7 గ్రాములే. కోడిగుడ్డులో 6, గ్లాసు పాలలో మరో 6 దాకా వస్తాయి. ఉడికించి మెదిపిన పెసరపప్పు జావలో కలపొచ్చు, గుడ్డు మెత్తగా నలిపి పాలతో పెట్టొచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరును అడిగాకే.

ఖర్చు విషయం ఒకటి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024లో పెన్షన్ నెలకు 15,000 చేశారు. దానికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో పరీక్షించి ఇచ్చే కాగితం కావాలి. పరీక్షకు తీసుకుపోయే ఆటోలో కూడా ఆ పంచె అడుగున పరవండి, దిగేటప్పుడు ఈడ్చే పని ఉండదు.